సీ-పెప్టైడ్ 0.9 వచ్చింది, ఇది టైప్ 1 అనేనా? రిపోర్ట్ చదవడం తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

గోదారిగట్టు
అందరికీ నమస్కారం అండి. మా తమ్ముడికి 29 ఏళ్ళు, సన్నగా ఉంటాడు, షుగర్ వచ్చి రెండేళ్ళు అయ్యింది, మెట్‌ఫార్మిన్ గ్లిమిపిరైడ్ రెండూ వేసుకుంటున్నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 9.8 దగ్గర నుంచి కిందకి దిగట్లేదు. మొన్న డాక్టర్ గారు సీ-పెప్టైడ్ రాశారు, మా ఊళ్ళో కలెక్షన్ సెంటర్‌లో పరగడుపున రక్తం ఇచ్చాం, వాళ్ళు హైదరాబాద్ పంపిస్తారంట. రిపోర్ట్ ఫోన్‌కి వచ్చింది. 0.9 నానోగ్రామ్స్ పర్ ఎంఎల్, పక్కన రేంజ్ 1.1 నుంచి 4.4, ఎర్ర అక్షరాల్లో లో అని ఉంది. డాక్టర్ గారు వచ్చే వారం దాకా ఊళ్ళో లేరు. ఈలోగా మందుల షాపాయన చూసి ఇది టైప్ 1 అండి, వీడికి క్లోమం పనిచేయట్లేదు, ఇంక జీవితాంతం ఇంజెక్షన్లే అనేశాడు. మా అమ్మ అప్పట్నుంచి సరిగ్గా అన్నం తినట్లేదు, వాడికి సంబంధాలు చూస్తున్నాం ఇప్పుడే. ఈ ఒక్క నంబర్‌తో అంత మాట అనొచ్చా అండి?

సీరం_శ్రీను
అనకూడదు అండి. నేను ల్యాబ్‌లో ఇమ్యునోఅస్సే (యాంటీబాడీలతో కొలిచే టెస్టులు) సెక్షన్‌లోనే పనిచేస్తాను, రోజూ ఈ టెస్ట్ రన్ చేస్తాం. ముందు ఇవి చెప్పండి. అదే సిరంజిలో తీసిన రక్తంతో షుగర్ కూడా చేశారా, చేస్తే ఎంత వచ్చింది? తమ్ముడు ముందు రోజు రాత్రి ఎన్నింటికి తిన్నాడు? క్రియాటినిన్ (కిడ్నీ టెస్ట్) ఎంత? జుట్టు కోసం, గోళ్ళ కోసం అని ఏమైనా ట్యాబ్లెట్లు వాడుతున్నాడా? చివరిది వింతగా అనిపిస్తుంది గానీ చాలా ముఖ్యం, తర్వాత చెప్తాను ఎందుకో.

గోదారిగట్టు
షుగర్ అదే రోజు చెయ్యలేదు అండి, సీ-పెప్టైడ్ ఒక్కటే రాసి ఉంది చీటీలో. క్రియాటినిన్ 0.8. జుట్టు ట్యాబ్లెట్లు ఏమీ లేవు. రాత్రి పెళ్ళికి వెళ్ళి వచ్చి ఏమీ తినకుండానే పడుకున్నాడంట, అంటే ముందు రోజు మధ్యాహ్నం భోజనమే.

సీరం_శ్రీను
చూశారా. అంత సేపు ఖాళీ కడుపు అంటే ఒంట్లో ఇన్సులిన్ అవసరమే తగ్గిపోతుంది, షుగర్ తగ్గితే క్లోమం కూడా చెయ్యి బిగిస్తుంది. ఆ టైమ్‌లో షుగర్ 80 ఉంటే 0.9 కి ఒక అర్థం, షుగర్ 250 ఉండి 0.9 వస్తే పూర్తిగా వేరే అర్థం. షుగర్ లేకుండా వచ్చిన సీ-పెప్టైడ్ సగం రిపోర్టే. మా దగ్గరికి వచ్చే చీటీల్లో చాలావాటిలో సీ-పెప్టైడ్ ఒక్కటే ఉంటుంది, పక్కన గ్లూకోజ్ రాసుంటే ఎంత బాగుండు అని ప్రతిసారీ అనిపిస్తుంది నాకు.

అసలు ఇదేంటో చెప్తా, అమ్మగారికి కూడా చెప్పండి. క్లోమంలో బీటా కణాలు ముందు ప్రోఇన్సులిన్ అని ఒక పొడుగు దారం తయారుచేస్తాయి. అది తెగితే ఒకవైపు ఇన్సులిన్, ఇంకోవైపు ఈ సీ-పెప్టైడ్, రెండూ సమానంగా రక్తంలోకి వస్తాయి. వేరుశెనక్కాయలు ఒలిచినట్టు అనుకోండి, ఎన్ని కాయలు ఒలిచారో తెలియాలంటే తినేసిన పప్పు లెక్కపెట్టలేం, పక్కన పడ్డ డొల్లలు లెక్కపెడతాం. ఇన్సులిన్‌లో సగం దాకా లివర్ దగ్గరే మొదటి దెబ్బకి ఖర్చైపోతుంది, మిగిలింది కూడా నిమిషాల్లో మాయమవుతుంది. సీ-పెప్టైడ్‌ని లివర్ పెద్దగా ముట్టుకోదు, అరగంట దాకా సగం మిగిలే ఉంటుంది. ఇంకో లాభం ఏంటంటే బయటి నుంచి వేసుకునే ఇన్సులిన్ ఇంజెక్షన్‌లో సీ-పెప్టైడ్ ఉండదు, కాబట్టి ఇంజెక్షన్ వేసుకుంటున్న మనిషిలో కూడా సొంత క్లోమం ఎంత చేస్తోందో దీంతోనే తెలుస్తుంది.

బయోకెం_బుజ్జి
శ్రీను అన్న చెప్పినదానికి కొంచెం చరిత్ర కలుపుతా, నాకు చాలా ఇష్టమైన సబ్జెక్ట్ ఇది. 1967లో షికాగో యూనివర్సిటీలో డొనాల్డ్ స్టైనర్, ఇన్సులిన్ తయారుచేసే ఒక మనిషి కణితి ముక్కల్ని రేడియోధార్మిక అమైనో ఆమ్లాల్లో ఉంచి చూస్తే ఇన్సులిన్ కంటే పెద్ద పదార్థం ఒకటి ముందు తయారవుతోందని తేలింది, అదే ప్రోఇన్సులిన్. అప్పటిదాకా ఇన్సులిన్‌లోని రెండు గొలుసులు విడివిడిగా తయారై తర్వాత అతుక్కుంటాయేమో అనుకునేవాళ్ళు. మధ్యలో తెగిపోయే ముక్కే ఈ 31 అమైనో ఆమ్లాల సీ-పెప్టైడ్. దాన్ని రక్తంలో కొలిచే మొదటి రేడియో ఇమ్యునోఅస్సే కూడా అదే గుంపు నుంచి 1970లో వచ్చింది. ఇక ఇమ్యునోఅస్సే అనే ఆలోచనే ఇన్సులిన్ దగ్గర పుట్టింది కదా, రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ ఇద్దరూ ఇన్సులిన్ కొలవడానికి కనిపెట్టారు, యాలోకి 1977లో నోబెల్ వచ్చింది, బెర్సన్ 1972లోనే చనిపోయారు కాబట్టి ఆయనకి దక్కలేదు, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

షుగర్_డాక్టరమ్మ
గోదారిగట్టు గారూ, నేను ఎండోక్రైనాలజిస్ట్‌ని, ఇక్కడ మందులు రాయను, అర్థం చేసుకోవడానికి మాత్రం చెప్తాను.

రేంజ్ 1.1 నుంచి 4.4 అనేది షుగర్ లేని మామూలు మనుషుల ఫాస్టింగ్ రేంజ్. షుగర్ ఏ రకమో తేల్చడానికి ఆ రేంజ్ పనికిరాదు. దానికి వేరే గీతలు ఉన్నాయి. 2021లో అమెరికా, యూరప్ డయాబెటిస్ సంఘాలు కలిసి రాసిన దాంట్లో, తిన్న 5 గంటల లోపు తీసిన శాంపిల్‌లో 0.6 కంటే తక్కువ ఉంటే టైప్ 1 వైపు, 1.8 కంటే ఎక్కువ ఉంటే టైప్ 2 (ఇన్సులిన్ ఉన్నా సరిగ్గా పనిచేయని రకం) వైపు, మధ్యలో ఉన్నది తేలని జోన్ అని చెప్పారు. షుగర్ 70 కంటే తక్కువ ఉన్నప్పుడు తీసినా, పరగడుపున తీసినా, తక్కువ వస్తే మళ్ళీ చెయ్యమన్నారు. కీటోఅసిడోసిస్ (ఇన్సులిన్ చాలక రక్తంలో కీటోన్స్ అనే ఆమ్లాలు పేరుకోవడం) లాంటి ఎమర్జెన్సీ వచ్చిన రెండు వారాల లోపు అసలు చెయ్యొద్దన్నారు, ఎందుకంటే షుగర్ విపరీతంగా పెరిగినప్పుడు బీటా కణాలు తాత్కాలికంగా మూగబోతాయి, వాటికి కోలుకునే టైమ్ ఇవ్వాలి.

ఇంకోటి. షుగర్ వచ్చి మూడేళ్ళు కానివాళ్ళలో సీ-పెప్టైడ్ కంటే ముందు జీఏడీ యాంటీబాడీలు (టైప్ 1 లో సొంత బీటా కణాల మీద ఒళ్ళే తయారుచేసుకునేవి) చూడాలి. ఎందుకంటే టైప్ 1 లో కూడా మొదట్లో కొన్ని నెలలు, ఒక్కోసారి ఏళ్ళు, సీ-పెప్టైడ్ బాగానే కనిపిస్తుంది. తమ్ముడికి రెండేళ్ళే అంటున్నారు కాబట్టి మీ డాక్టర్ రాగానే ఈ విషయం అడగండి. ఈలోగా బరువు తగ్గడం, వాంతులు, ఆయాసం ఉంటే వారం ఆగొద్దు, ఎక్కడైనా సరే కీటోన్స్ చూపించండి.

చిన్నారి_అమ్మ
డాక్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మా పాపకి తొమ్మిదో ఏట టైప్ 1 వచ్చింది. మొదట్లో ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్నాళ్ళకి డోసు తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఇంజెక్షన్ అక్కర్లేదేమో అన్నంతగా అయ్యింది, సీ-పెప్టైడ్ కూడా మంచిగానే ఉంది, బంధువులందరూ తగ్గిపోయింది తగ్గిపోయింది అని దేవుడికి మొక్కులు తీర్చమన్నారు. మా డాక్టర్ ముందే చెప్పి పెట్టారు దీన్ని హనీమూన్ పీరియడ్ అంటారు, ఒక్క రోజు కూడా పూర్తిగా ఆపొద్దు అని. ఆ మాట మీదే నిలబడ్డాం. తర్వాత నెమ్మదిగా మళ్ళీ డోసు పెరిగింది. రిపోర్ట్ బాగా వచ్చింది కదా అని ఇన్సులిన్ ఆపేసిన పిల్లలు ఐసీయూలో చేరడం అక్కడ వార్డులో కళ్ళారా చూశాను, ఎవ్వరికీ ఆ కష్టం వద్దు.

ప్రకృతి_బాట
నాది వేరే అభిప్రాయం. మా బావగారికి సీ-పెప్టైడ్ 2.8 వచ్చింది, అంటే సొంత ఇన్సులిన్ పుష్కలంగా ఉన్నట్టే కదా, ఇంకెందుకు ఇంజెక్షన్ అని ఆపించి చిరుధాన్యాలు, నడక మీద పెట్టాం, ఇప్పుడు బాగానే ఉన్నారు. డాక్టర్లు ఈ టెస్ట్ ముందే చేయిస్తే సగం మందికి ఇన్సులిన్ అక్కర్లేదు.

షుగర్_డాక్టరమ్మ
బావగారు బాగుండటం సంతోషం అండి. టైప్ 2 లో సీ-పెప్టైడ్ బాగా ఉన్నవాళ్ళకి ఇన్సులిన్ తగ్గించి మాత్రల మీదకి తేవడం మేమూ చేస్తాం, ఈ టెస్ట్ చేయించేదే చాలాసార్లు అందుకు. కానీ అది షుగర్ రోజూ చూసుకుంటూ, మెట్లు దిగుతూ చేసే పని. ఇక 0.6 కంటే తక్కువ ఉన్న మనిషి మీ మాట చదివి ఇన్సులిన్ ఆపితే కీటోఅసిడోసిస్‌లోకి వెళ్తాడు, ప్రాణం పోతుంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. ఇంకో ప్రమాదం కూడా ఉంది, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి, షుగర్‌ని మూత్రంలోకి పంపే మందులు సీ-పెప్టైడ్ బాగా తక్కువ ఉన్నవాళ్ళకి ఇస్తే షుగర్ మీటర్‌లో 180, 200 చూపిస్తూనే లోపల కీటోన్స్ పెరిగిపోతాయి, ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు.

ఓరుగల్లు_వాసు
డాక్టరమ్మా నాదొక డౌట్. మా బాపు డయాలిసిస్ మీద ఉన్నడు, షుగర్ వచ్చి ఇరవై ఏండ్లు దాటింది. సీ-పెప్టైడ్ చేపిస్తే 7.2 వచ్చింది, హై అని. చుట్టపాయన ఒకరు చూసి నీ క్లోమం ఇంకా పడుచోడి లెక్క పనిచేస్తున్నది అని చెప్పిండు, బాపు ఖుషీ అయ్యి ఇన్సులిన్ ఎందుకు అంటున్నడు. నిజమేనా?

షుగర్_డాక్టరమ్మ
కాదు వాసు గారూ. సీ-పెప్టైడ్‌ని ఒంట్లోంచి తీసేసేది ముఖ్యంగా కిడ్నీలే. అవి పనిచేయకపోతే చేసిన కొంచెం కూడా పోగుపడుతుంది, నంబర్ ఎక్కువ కనిపిస్తుంది. డయాలిసిస్‌లో ఉన్నవాళ్ళ 7.2 ని మామూలు రేంజ్‌తో పోల్చలేం. అయితే కిడ్నీ జబ్బులో ఇన్సులిన్ కూడా ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది, అందుకని డోసు తగ్గించాల్సి రావచ్చు, లేకపోతే షుగర్ పడిపోతుంది. అది నెఫ్రాలజిస్ట్, షుగర్ డాక్టర్ ఇద్దరూ చూసి చెప్పాలి, ఈ రిపోర్ట్ చూసి కాదు.

ఓరుగల్లు_వాసు
మంచిగ చెప్పిన్రు మేడమ్, రేపు డయాలిసిస్ కాడ అడుగుత.

లీడ్స్_లలిత
నేను ఇక్కడ ఇంగ్లండ్‌లో హాస్పిటల్ ఫార్మసీలో చేస్తాను. యూనిట్లు జాగ్రత్త అందరూ. ఇక్కడ పికోమోల్ పర్ లీటర్‌లో ఇస్తారు, మన దగ్గర నానోగ్రామ్‌లో. 1 నానోగ్రామ్ పర్ ఎంఎల్ అంటే 331 పికోమోల్. అంటే గోదారిగట్టు గారి తమ్ముడిది దాదాపు 298. డాక్టర్ గారు చెప్పిన 0.6, 1.8 గీతలు ఇక్కడ 200, 600 అన్నమాట. మా పెదనాన్న ఇక్కడి రిపోర్ట్ తీసుకుని విజయవాడ వెళ్తే అక్కడ 640 చూసి ఒకాయన కంగారుపడ్డాడంట, వాళ్ళ లెక్కలో 2 కి కాస్త తక్కువ, అంతే.

ఇక్కడ యూరిన్‌లో కూడా చేస్తారు, సీ-పెప్టైడ్ క్రియాటినిన్ రేషియో అని. భోజనం అయిన రెండు గంటలకి యూరిన్ పట్టి బోరిక్ యాసిడ్ ఉన్న డబ్బాలో పోస్టులో పంపించొచ్చు, మూడు రోజులు రూమ్ టెంపరేచర్‌లో పాడవ్వదు. ఇక్కడి ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ళు దీని మీద చాలా పని చేశారు. మన ఏజెన్సీ ఊళ్ళకి ఇలాంటిది వస్తే ఎంత బాగుంటుందో.

మల్లెపందిరి
సీరం శ్రీను గారూ, జుట్టు ట్యాబ్లెట్ల సంగతి చెప్తానన్నారు, అది నాకు జరిగింది. నాకు షుగర్ లేదు, అలసటగా ఉంటోందని పెద్ద ప్యాకేజీ చేయించుకుంటే సీ-పెప్టైడ్ 0.3, థైరాయిడ్ టెస్టుల్లో టీఎస్‌హెచ్ 0.02, ఫ్రీ టీ4 ఎక్కువ అని వచ్చింది. థైరాయిడ్ విపరీతంగా పెరిగింది, క్లోమం కూడా పోతోంది అన్నట్టు రిపోర్ట్. ఫాస్టింగ్ షుగర్ మాత్రం 88. చూపించిన మొదటి చోట వెంటనే థైరాయిడ్ మందు రాసేశారు. రెండో డాక్టర్ ఓపిగ్గా కూర్చోబెట్టి అన్నీ అడిగి, జుట్టు రాలుతోందని నేను వేసుకునే బయోటిన్ (ఒక బి విటమిన్) 10 మిల్లీగ్రాముల మాత్ర ఆపించి మళ్ళీ చేయిస్తే అన్నీ నార్మల్. ఒక మాత్ర అన్ని రిపోర్టులూ ఎలా మార్చేస్తుంది అసలు?

సీరం_శ్రీను
ఇదే నేను చెప్పాలనుకున్నది అక్కా. మెషిన్ లోపల ఏం జరుగుతుందో చూస్తే అర్థమైపోతుంది.

మీ సీరం ఓ చిన్న కప్పులోకి వెళ్తుంది, అందులో రెండు యాంటీబాడీలు పడతాయి. ఒకటి సీ-పెప్టైడ్‌ని ఒకవైపు పట్టుకుంటుంది, దాని తోకకి బయోటిన్ కట్టి ఉంటుంది. రెండోది ఇంకోవైపు పట్టుకుంటుంది, దానికి వెలుగు ఇచ్చే పదార్థం కట్టి ఉంటుంది. మధ్యలో సీ-పెప్టైడ్, అందుకే శాండ్‌విచ్ అంటాం. తర్వాత స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ పూసిన సన్నటి అయస్కాంత గుళికలు వేస్తారు, చూడ్డానికి గోధుమరంగు మడ్డి నీళ్ళలా ఉంటాయి, షేక్ చెయ్యకుండా పెడితే అడుగున పేరుకుంటాయి. స్ట్రెప్టావిడిన్‌కి బయోటిన్ అంటే విడిపించలేనంత పట్టు. గుళికలు ఆ తోకని పట్టుకుంటాయి, కింద అయస్కాంతం గుళికల్ని లాగి ఉంచుతుంది, మిగతాదంతా కడిగేస్తారు, ఆఖర్న ఎంత వెలుగు వస్తే అంత సీ-పెప్టైడ్. మొత్తం ఇరవై నిమిషాల లోపే అయిపోతుంది.

ఇప్పుడు మీ రక్తంలోనే బోలెడు బయోటిన్ ఉందనుకోండి, గుళికల మీద చోటంతా అదే ఆక్రమిస్తుంది. అసలు శాండ్‌విచ్‌కి పట్టు దొరకదు, కడిగినప్పుడు కొట్టుకుపోతుంది, వెలుగు తక్కువ, రిపోర్ట్ తక్కువ. టీఎస్‌హెచ్ కూడా శాండ్‌విచ్ పద్ధతే, అందుకే అదీ తగ్గింది. ఫ్రీ టీ4 పోటీ పద్ధతి, అందులో వెలుగు తగ్గితే ఫలితం పెరిగినట్టు చూపిస్తుంది. మూడూ కలిపి చూస్తే అచ్చం జబ్బులాగే ఉంటుంది, మెషిన్ ఎర్రర్ కూడా కొట్టదు, క్వాలిటీ కంట్రోల్ పాస్ అయిపోతుంది, ల్యాబ్‌లో ఎవరికీ తెలిసే దారి లేదు మీరు చెప్తే తప్ప. రోజుకి మనిషికి కావలసింది 30 మైక్రోగ్రాములు, ఆ మాత్రలో ఉండేది 10,000. అమెరికా ఎఫ్‌డీఏ 2017 నవంబర్‌లో దీని మీద హెచ్చరిక ఇచ్చింది. కొత్త కిట్లలో బయోటిన్ తట్టుకునే శక్తి పెంచారు, అన్ని పద్ధతుల్లోనూ ఈ బయోటిన్ పట్టు వాడరు కూడా, కానీ మీ శాంపిల్ ఏ మెషిన్ మీదకి వెళ్తుందో మీకు తెలియదు కదా, డాక్టర్‌కి చెప్పి రెండు మూడు రోజులు ముందే ఆపండి. కలెక్షన్ సెంటర్‌లో పరగడుపేనా అని అడిగే వాళ్ళు ఈ ఒక్క ప్రశ్న కూడా అడిగితే ఎంతమంది కంగారు తప్పుతుందో.

మల్లెపందిరి
ఇంత బాగా ఎవరూ చెప్పలేదు అన్నా. మా ఆడపడుచులిద్దరికీ, ఆఫీసులో వాళ్ళకీ పంపించాను, సగం మంది వాడుతున్నారు ఆ మాత్ర.

గోదారిగట్టు
అందరికీ చాలా థాంక్స్ అండి. డాక్టర్ గారు వచ్చారు, మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళాను. ఆయన విసుక్కోలేదు, టిఫిన్ తిన్న రెండు గంటలకి షుగర్, సీ-పెప్టైడ్ ఒకేసారి చేయించారు, జీఏడీ కూడా. షుగర్ 231, సీ-పెప్టైడ్ 1.5, జీఏడీ నెగెటివ్. ఇప్పుడు ఇది ఆ తేలని జోన్‌లోనే పడింది కదా. డాక్టర్ గారు రిపోర్ట్ చూసి చిన్నప్పుడు కడుపునొప్పి వచ్చేదా అని అడిగారు. నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే వాడికి పన్నెండు పదమూడేళ్ళప్పుడు నొప్పితో మెలికలు తిరిగిపోయేవాడు, నడుం దాకా పాకేది, గ్యాస్ అని, దిష్టి అని ఏవేవో చేశాం. తర్వాత దానంతట అదే తగ్గింది. స్కానింగ్ రాశారు.

షుగర్_డాక్టరమ్మ
మీ డాక్టర్ గారు చాలా మంచి ప్రశ్న అడిగారు. మన దక్షిణాదిలో ఫైబ్రోకాల్క్యులస్ ప్యాంక్రియాటిక్ డయాబెటిస్ అని ఒకటి ఉంది, కేరళలో ఎక్కువ, మన దగ్గరా చూస్తాం. చిన్నతనంలో కడుపునొప్పి, సన్నటి మనిషి, తర్వాత యవ్వనంలో షుగర్, క్లోమం గొట్టంలో రాళ్ళు. ఇందులో షుగర్ ఎంత పెరిగినా కీటోన్స్ అంత తొందరగా రావు, కారణాల్లో ఒకటి కొంత సొంత ఇన్సులిన్ మిగిలి ఉండటం. సీ-పెప్టైడ్ టైప్ 1 కి టైప్ 2 కి మధ్యలో ఉంటుందని 1980ల్లోనే చెన్నైలో పనిచేసిన డాక్టర్లు చూపించారు. స్పింక్1 అనే జన్యువులో మార్పులకీ ఈ క్లోమం జబ్బుకీ సంబంధం ఉందని 2002లో హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధకులు ప్రచురించారు.

తమ్ముడికి అదే అని నేను అనట్లేదు, జీఏడీ నెగెటివ్ అయినంత మాత్రాన టైప్ 1 పూర్తిగా కొట్టెయ్యలేం, ఇంకో రెండు యాంటీబాడీలు ఉన్నాయి, మోడీ అనే జన్యుపరమైన రకం కూడా ఉంది. స్కాన్ రానివ్వండి. మలం జిడ్డుగా, నీళ్ళ మీద తేలుతూ ఉంటుందా అని అడగండి, సిగ్గుపడి చెప్పరు చాలామంది. అలా ఉంటే అరుగుదలకి ఎంజైమ్ మాత్రలు కూడా కావాలి, అవి లేకుండా బరువు పెరగడు. ఇన్సులిన్ అవసరం పడొచ్చు, పడితే భయపడొద్దు, ఇంజెక్షన్ వేసుకుంటూ పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని చక్కగా ఉన్నవాళ్ళు నా దగ్గరికి రోజూ వస్తారు.

గోదారిగట్టు
అల్ట్రాసౌండ్‌లో క్లోమం గొట్టం వెడల్పుగా ఉంది, లోపల రాయిలాంటివి కనిపిస్తున్నాయి అని రాశారు అండి. గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి పంపించారు, సీటీ స్కాన్ సోమవారం. జిడ్డు సంగతి అడిగితే తల దించుకుని అవునన్నాడు, ఎన్నాళ్ళ నుంచో తెలీదు. అమ్మకి ఈ విషయం చెప్పాం, టైప్ 1 అన్న మాట విన్నప్పటికంటే ఇప్పుడు స్థిమితంగా ఉంది, కనీసం ఏంటో తెలుస్తోంది కదా అంటోంది.

మన్యం_టీచర్
ఇప్పుడే మొత్తం చదివాను. మాది పాడేరు వైపు. మా స్కూల్లో ఒక అబ్బాయికి ఈ టెస్ట్ రాశారు, కింద విశాఖ తీసుకెళ్ళాలా లేక ఇక్కడ రక్తం తీసి పంపిస్తే సరిపోతుందా? దారిలో పాడైపోతుందని ఒకరు, కాదని ఒకరు అంటున్నారు.

సీరం_శ్రీను
మాస్టారూ, ఎర్ర మూత లేదా పసుపు మూత ట్యూబ్‌లో తీసి అలాగే బయట వదిలేస్తే సీ-పెప్టైడ్ తగ్గుతూ పోతుంది, ఎండాకాలం మరీను. ఆ ట్యూబ్ అయితే రక్తం గడ్డకట్టగానే అక్కడే సెంట్రిఫ్యూజ్ తిప్పి, సీరం వేరు చేసి, ఫ్రీజ్ చేసి ఐస్ ప్యాక్‌ల మధ్య పంపాలి, దారిలో కరిగి మళ్ళీ గడ్డకట్టకూడదు. మీ దగ్గర సెంట్రిఫ్యూజ్ లేకపోతే ఊదా రంగు మూత ఈడీటీఏ ట్యూబ్ మేలు, అందులో ఒక రోజు వరకు రూమ్ టెంపరేచర్‌లో కూడా నిలబడుతుందని చూపించారు, కానీ అవతలి ల్యాబ్ వాళ్ళ కిట్ ఈడీటీఏ ప్లాస్మా ఒప్పుకుంటుందా అని ముందు ఫోన్ చేసి కనుక్కోండి. అదే సూదితో షుగర్‌కి బూడిద రంగు మూత ట్యూబ్ కూడా నింపించండి. ట్యూబ్ మీద పేరుతో పాటు తిన్న టైమ్, తీసిన టైమ్ రెండూ రాయించండి. అబ్బాయి ఇన్సులిన్ వేసుకుంటుంటే పరగడుపుతో అంత దూరం ఘాట్ రోడ్డులో తీసుకురావొద్దు, తినిపించే తీయించమని డాక్టర్‌ని అడగండి.